టెక్స్టా, బైనరీనా? ముందు ఆ 127 గీత చెరపండి

ఫైళ్ళు రెండు రకాలు, టెక్స్టూ బైనరీ అని సీ క్లాసుల్లో చెప్తారు, ఇంటర్వ్యూల్లో అడుగుతారు. నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. డిస్కు మీద ఉండేవి బైట్లే, ఏ ఫైలుకీ నుదుటి మీద రకం రాసి ఉండదు. ఎఫ్‌ఓపెన్‌కి ఇచ్చే 'బీ' చెప్పేది ఫైలు సంగతి కాదు, దాన్ని మనం ఎలా చదవదలిచామో ఆ సంగతి.

లినక్సులో ఆ 'బీ' ఉన్నా లేకున్నా ఒకటే. విండోస్‌లో అది లేకపోతే లైబ్రరీ మధ్యలో వేలు పెడుతుంది: 13, 10 బైట్ల జంటని ఒక్క 10 చేస్తుంది, 26 కనబడితే ఫైలు అయిపోయిందంటుంది (సీపీ/ఎం రోజుల నాటి వారసత్వం లెండి). ఇప్పుడు యూటీఎఫ్-16లో దాచిన తెలుగు ఫైలు తీసుకోండి. అందులో 'చ' అంటే 26, 12 బైట్లు. 'బీ' లేకుండా మామూలుగా తెరిచి బైట్లు చదివారో, మొదటి 'చ' దగ్గరే కథ కంచికి! 'ఊ' రాస్తే ఇంకో తమాషా. దాని మొదటి బైటు 10, అంచేత దాని ముందు ఓ 13 వచ్చి కూర్చుంటుంది, అక్కణ్ణుంచి ఫైలంతా ఒక బైటు పక్కకి జరిగిపోతుంది.

అసలు నా కోపం ఇది కాదు. '127 దాటిన బైట్లు మూడో వంతుంటే బైనరీ' అనే కోడు ఇప్పటికీ కనిపిస్తుంది. ఏంటండీ ఈ అన్యాయం? యూటీఎఫ్-8లో 'అ' అంటే 224, 176, 133. మన అక్షరాలన్నీ ఇలాగే మూడేసి బైట్లు, అన్నీ 127 పైనే. ఆ లెక్కన తెలుగులో రాసిందంతా బైనరీయే! ఇజ్‌ప్రింట్‌తో పరీక్షించేవాళ్ళది ఇంకో దారి. ఛార్‌కి సైను ఉన్న చోట ఆ 224 కాస్తా -32 అవుతుంది, దాన్ని అలాగే పంపిస్తే ఏం జరుగుతుందో సీ ప్రమాణం పూచీ పడదు.

గిట్ పద్ధతి దీనికన్నా నయం. మొదటి 8000 బైట్లలో సున్నా ఉందా అని మాత్రమే చూస్తుంది. యూటీఎఫ్-16ని బైనరీ అంటుంది గానీ, యూటీఎఫ్-8 తెలుగు జోలికి రాదు.

నేనైతే ఎప్పుడూ 'ఆర్‌బీ'తోనే తెరుస్తాను. సున్నా ఉందేమో చూసి, తర్వాత యూటీఎఫ్-8 వరస సరిగ్గా ఉందో లేదో చూస్తాను. జేపెగ్ అయితే మొదటి బైటు 255 దగ్గరే దొరికిపోతుంది, యూటీఎఫ్-8లో దానికి చోటే లేదు. 4096 బైట్ల ముక్క చివర అక్షరం సగంలో తెగితే మాత్రం దాన్ని తప్పుగా లెక్కేయకండి. పాత అను ఫాంట్ల ఫైళ్ళు ఈ పరీక్షలో తప్పుతాయి, నిజమే. వాటికి వేరే దారి వెతకాల్సిందే.