వెండిమేని వీరుడు – ప్రహ్లాదుని పాఠశాల

2025 జూలై 25వ తేదీన మన దేశపు చలనచిత్రశాలలలో రెండు లోకాతీత మూర్తులు ఒకేదినమున సాక్షాత్కరించినవి. ఒకటి 'మహావతార్ నరసింహ' యను బొమ్మల చిత్రములోని నరసింహస్వామి. మరియొకటి అమెరికానుండి వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' చిత్రములోని సిల్వర్ సర్ఫర్. ఇట్టి సందర్భమున మన వీరుడు గొప్పయా, పరదేశపు వీరుడు గొప్పయా యను వాదము పుట్టుట సహజము. కాని ఉపాధ్యాయులు విచారింపవలసిన ప్రశ్న వేరు. ఈ కథలలో పిల్లవాని మనస్సున నిలుచునది ఏ ఘట్టము?

సిల్వర్ సర్ఫర్ 1966లో జాక్ కర్బీ, స్టాన్ లీల బొమ్మల కథలో జన్మించెను. 1968లో వెలువడిన పూర్వగాథ ప్రకారము, గ్రహములను కబళించు గెలాక్టస్ బారినుండి స్వగ్రహమును కాపాడుకొనుటకై నోరిన్ రాడ్ అనువాడు ఆ ప్రభువునకే దాసుడయ్యెను. విశ్వశక్తిని పొంది, వెండివన్నె దేహముతో నక్షత్రముల నడుమ సంచరించుచు, ప్రభువునకు ఆహారముగా గ్రహములను వెదకి చూపుట అతని కొలువు. భూమిని చేరినపుడు ఆలీసియా యను అంధశిల్పిని మాటలు విని, మనస్సు మారి, ప్రభువుపై తిరుగబడెను. శిక్షగా భూమిని వీడిపోరాని బందీ యయ్యెను. 2025 నాటి చిత్రములో ఈ మూర్తిని స్త్రీగా మలచిరి.

ఇక మన కథ. తుంగభద్రాతీరమున, పూర్వము మంచాల యనబడిన మంత్రాలయమున, 1671లో రాఘవేంద్రస్వామి బృందావనప్రవేశము చేసిరి. ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన చోటు అదియేననియు, స్వామివారు ప్రహ్లాదుని అవతారమేననియు భక్తుల విశ్వాసము. కావున ఆ సీమ బాలునకు ప్రహ్లాదుడు పరాయివాడు కాడు. ఆ దైత్యకుమారునకు ఆయుధము లేదు, విశ్వశక్తియు లేదు. అధికారమునకు ఎదురుగా నిలిచి 'కాదు' అనగల ధైర్యమొక్కటే కలదు. గురువులు ఇంటిపనులకై మరలినవేళ తోడిబాలురను చేరదీసి బోధించెనని భాగవతము చెప్పుచున్నది.

రెండు కథలకును ప్రాణము ఆ తిరస్కారమే. కాని తెరపై స్తంభము పగులుట, గ్రహములు క్రుంగుట కన్నులను మిరుమిట్లు గొలుపును. బాలుడు శక్తినే చూచి, నిర్ణయమును మరచును. ఆపదవేళ ఆకాశమునుండి ఎవరో దిగివత్తురని నమ్మి కూర్చుండును.

ఆ నమ్మిక ఆదోని, కోసిగి, మంత్రాలయ ప్రాంతములలో నిలువదు. ఏటేట సుగ్గి పేరిట కుటుంబములు ప్రత్తి, మిరప కోతలకై గుంటూరు వైపు వలసపోవును. పిల్లలును వెంటపోవుదురు, హాజరుపట్టీలో పేరుండును, బల్లపై బాలుడుండడు. ఆ తల్లిదండ్రులు హిరణ్యకశిపులు కారు. పేదరికమే వారిని తరుముచున్నది. ఆ పిల్లలకొరకు ఏ స్తంభమును పగులదు. సొంతయూరనే కూలి, వలసకాలమున వసతిగృహము, పేరు పెట్టి పిలిచి వెదకు ఉపాధ్యాయుడు – వీరికి కావలసిన రక్షణ ఇదియే.

కావున ఉపాధ్యాయుడు ఈ చిత్రములను నిషేధింపనక్కరలేదు. చూచివచ్చిన బాలుని ఒక్క ప్రశ్న అడిగిన చాలును: మూలమైన బొమ్మల కథలో విశ్వమంతయు తిరిగిన ఆ వీరుని మార్చినదెవరు? ఏ శక్తియు లేని ఒక సామాన్యురాలి మాట. ప్రహ్లాదుని సహపాఠులను మార్చినదియు మాటయే. అట్టి మాట తరగతిగదిలో నేటికిని సాధ్యమే. కాని దానిని వినుటకు మొదట బాలుడు బడిలో నుండవలయును.