లెన్సులతో నీళ్లలోకి దిగమని ఎలా రాస్తారు?



గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో వేసవి విదేశీ యాత్రల మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వీసాలు, బట్టలు, డబ్బు మార్చుకోవడం గురించి రాసిందంతా బాగానే ఉంది. చివర్లో కళ్లజోడు వాళ్ల కోసం వేసిన బాక్సు చదివాకే నాకు ఒళ్లు మండింది. ఫొటోల్లో బాగుండాలంటే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోమన్నారు. సముద్రంలో, పూల్‌లో ఈత కొట్టేటప్పుడు కూడా తీయక్కర్లేదన్నారు. లెన్సులు కడిగే సొల్యూషన్ సీసా బరువైతే చిన్న డబ్బాలో పోసుకోమన్నారు. అది అయిపోతే మినరల్ వాటర్‌తో సర్దుకోవచ్చన్నారు. నాలుగు సలహాల్లో మూడు కళ్లు పోగొట్టేవే!

ఇది తప్పని మంగళవారం ఒక పాఠకుడు ఉత్తరం రాస్తే, "జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదు" అని కింద ఒక్క లైను వేసి ఊరుకున్నారు. ఏమిటా జాగ్రత్త? ఆ ముక్క చెప్పలేదు. అందుకే నేను ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వస్తోంది.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి మైనస్ పవరు. కాలేజీ రోజుల నుంచి లెన్సులు వాడుతోంది. నిరుడు ఏప్రిల్‌లో అత్తగారి వాళ్లతో థాయిలాండ్ వెళ్లింది. అక్కడ ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం. వీధిలో కనబడ్డ ప్రతి మనిషి మీదా బకెట్లతో, వాటర్ గన్లతో నీళ్లు కొడతారు. అవి కుళాయి నీళ్లో కాలవ నీళ్లో ఎవరు చూడొచ్చారు? తర్వాత క్రాబీలో పడవ ఎక్కించి స్నార్కెలింగ్‌కి తీసుకెళ్లారు. లెన్సులు తీసెయ్యాలా అని పిల్ల అడిగితే, మాస్కు ఉంటుంది కదా, పర్లేదు అన్నాడట ఆ టూరు మనిషి. మాస్కులోకి నీళ్లు రాకుండా ఉంటాయా?

ఇంటికొచ్చిన కొద్దిరోజులకు ఎడమ కన్ను ఎర్రబడింది. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన చుక్కలిచ్చారు. ముందు కాస్త నెమ్మదించినట్టే అనిపించింది, ఆ తర్వాత నొప్పి రెట్టింపైంది. ఒకరు కళ్లకలక అన్నారు. ఇంకొకరు ఫోను చూసి చూసి వచ్చిందన్నారు. ఒకావిడ తేనె వెయ్యమంది. మొదట చూసిన డాక్టరు హెర్పిస్ వైరస్ అనుకుని దానికి మందు రాశారు. కంట్లో చూస్తే కొంచెం ఎరుపే, నొప్పి మాత్రం పిల్ల గోడకేసి తల కొట్టుకునేంత! చివరికి కార్నియా వైద్యుల దగ్గరికి వెళితే, నల్లగుడ్డు, అంటే కార్నియా మీద గీకి తీసి పరీక్ష చేసి చెప్పారు, అకాంతమీబా అని.

ఇది కుళాయి నీళ్లలో, పూల్‌లో, సముద్రంలో, మట్టిలో, ఎక్కడైనా బతికే ఏకకణ జీవి. పరిస్థితి బాగోకపోతే చుట్టూ గట్టి తిత్తి కట్టుకుని లోపల ఉండిపోతుంది. పూల్‌లో వేసే క్లోరిన్‌కి ఆ తిత్తి లొంగదు. మామూలుగా కంట్లో పడినదాన్ని కన్నీళ్లు, రెప్పలు కలిసి కడిగేస్తాయి. లెన్సు ఉంటే దానికి అంటుకుని గంటల తరబడి కార్నియా మీదే ఉంటుంది. లెన్సు రాపిడికి పడే కనబడనంత సన్నటి గీతల్లోంచి లోపలికి దిగుతుంది.

వైద్యం ఎలా ఉంటుందో కూడా మీ పాఠకులకు తెలియాలి. పగలూ రాత్రీ గంట గంటకీ చుక్కలు. పి.హెచ్.ఎం.బి. అని ఒకటి, క్లోర్‌హెక్సిడిన్ అని ఒకటి. ఆసుపత్రివాళ్లే కలిపి ఇచ్చిన సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. అలారం మోగగానే లేచి, ఫ్రిజ్ వెలుతురు దాని మొహాన పడకుండా నా ఒళ్లు అడ్డం పెట్టి సీసా తీసేదాన్ని. వెలుతురు సోకితే చాలు, కేక పెట్టేది. కిటికీలకు దుప్పట్లు కట్టాం. వేలితో రెప్ప పైకెత్తి చుక్క వేస్తుంటే దిండు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పళ్ల బిగువున ఓర్చుకునేది. అలా నెలలు గడిచాయి. రోగం పోయింది, నల్లగుడ్డు నడిమధ్య మచ్చ మిగిలింది. ఇప్పుడు ఆ కంటికి దగ్గరగా చెయ్యి పెడితే వేళ్లు లెక్కపెట్టగలదు, అంతే. కార్నియా మార్చాలంటున్నారు. ఇరవై ఏడేళ్ల పిల్ల అండీ!

ఇది మా ఒక్క ఇంటి గొడవ అని కొట్టిపారెయ్యకండి. 2006లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో లెన్సులు వాడేవాళ్ల కళ్లకు ఫ్యుసేరియం అనే ఫంగస్ పట్టింది. దాంతో బాష్ అండ్ లాంబ్ కంపెనీ రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. క్రిములను చంపడానికి తయారుచేసిన సొల్యూషనే కాపాడలేకపోతే, తాగే నీళ్లు కాపాడతాయా? మన దేశంలో ఈ అకాంతమీబా జబ్బు ఎక్కువగా లెన్సులు ఎరగని వాళ్లకే, మట్టీ మురికినీళ్లూ కంట్లో పడి వస్తోందని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఏనాడో రాశారు. పొలంలో వంగి పనిచేసే మనిషికి ఆ నీళ్లు తప్పవు. విహారానికి వెళ్లేవాళ్లు తప్పించుకోగలరు. తప్పించుకునే దారి చెప్పాల్సిన పత్రికే వాళ్లను నీళ్లలోకి దింపుతోంది.

పనిలో పని ఇంకో మాట కూడా అనేస్తాను. మీ పెళ్లిళ్ల ప్రత్యేక సంచికలో పెళ్లికూతురి అలంకరణ అంటూ రంగు లెన్సుల ఫొటోలు పేజీ నిండా వేశారు. కన్ను పరీక్ష చేయించుకోవాలని ఒక్క ముక్క లేదు. పార్లర్లలో ఒకరికి పెట్టినవే ఇంకొకరికి పెడుతున్నారు. పవరు లేకపోయినా అవి కంటి మీద పెట్టేవి కావా? గాజులూ బొట్టుబిళ్లలూ పంచుకున్నట్టు పంచుకుంటారా? ఆ పెళ్లికూతుళ్లే అవే లెన్సులతో మాల్దీవులు వెళ్లి నీళ్లలో దిగుతున్నారు.

మీరు రాయాల్సింది ఇది. లెన్సుకి ఏ నీళ్లూ తగలకూడదు. ఈతకీ స్నానానికీ ముందు తీసెయ్యాలి. పవరుతో చేసిన ఈత కళ్లద్దాలు, స్నార్కెలింగ్ మాస్కులు దొరుకుతాయి, అవి వాడాలి. చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. ప్రయాణాల్లో ఏ రోజుకారోజు పారేసే లెన్సులు మేలు, డబ్బా, సొల్యూషన్ గొడవే ఉండదు. సొల్యూషన్ వాడేవాళ్లు కంపెనీ సీలు వేసిన చిన్న సీసా కొనుక్కోవాలి, విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాని చాలా విమానాశ్రయాల్లో ఎలాగూ రానివ్వరు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, నిద్ర కూడా పడుతుంది, కాబట్టి దూరప్రయాణానికి కళ్లజోడే పెట్టుకోవాలి. కార్నియాకి రక్తనాళాలు ఉండవు, అది ఎక్కువగా గాలిలోంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. లెన్సుతో నిద్రపోతే అది సరిగా అందదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా లెన్సు వెంటనే తీసి, దాన్నీ డబ్బానీ పారెయ్యకుండా కంటి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాలి. మందుల షాపు చుక్కలు వద్దు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వెయ్యండి. లోపలి పేజీలో మూలన రెండు లైన్లు వేస్తే ఒప్పుకోను. ఇప్పుడే అందరూ పెట్టెలు సర్దుకుంటున్నారు. జూన్‌లో బడులు తెరిచాక వేస్తే ఎవరికి ఉపయోగం?

— ఒక తల్లి, రాజమహేంద్రవరం