శీలమునకు రెండు కొలతలా?

పదిమంది యన్న మాటకు తల యూచుట సులభము. ఆ మాట న్యాయమా యని నిలిచి విచారించుట కష్టము. ఒక గాయని మాటనో, ఒక నటి వేషమునో, ఒక రచయిత్రి గ్రంథమునో పట్టుకొని నేడు మన దేశమున తరచుగా వివాదములు లేచుచున్నవి. సంస్కృతి మంటగలిసినదనియు, వెంటనే నిషేధింపవలెననియు జనులు కేకలు వేయుచున్నారు. ఆ కేకలు వేయువారిలో సదుద్దేశము గలవారును లేకపోలేదు. అయినను మేము వారితో నేకీభవింపజాలము. కారణము చెప్పుటకు, ఆవేశములు చల్లారిన పాతవ్యవహార మొకదానిని పాఠకుల ముందుంచుచున్నాము.

1739 మొదలు 1763 వరకు తంజావూరు నేలిన ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని యను విదుషి యుండెను. ఆమె రచించిన శృంగారప్రబంధము రాధికాసాంత్వనము. తాను పెంచిన ఇళను శ్రీకృష్ణునకిచ్చి పెండ్లిచేసిన రాధ, పిమ్మట విరహమున కుములుటయు, కృష్ణుడామెను ఊరడించుటయు నందలి కథ. పూర్వముద్రణమున కొన్ని పద్యములు విడిచిపెట్టబడెనని గ్రహించి, బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, 1910లో వావిళ్లవారి ముద్రణమున గ్రంథమును సమగ్రముగా ప్రకటించెను. మరుసటి యేడే పరప్రభుత్వము అశ్లీలమని యాక్షేపించెను. పోలీసులు ప్రతులను పట్టుకొనిరి.

అంతకుముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారు, ఇందలి కొన్ని భాగములు స్త్రీలు వినదగినవి గావనియు, స్త్రీనోట రాదగినవి యసలే గావనియు భావించిరి. దానికి నాగరత్నమ్మ వేసిన ప్రశ్న సూటియైనది: సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు వలదా? వైజయంతీవిలాసము వంటి పురుషకృతులకు లేని యాక్షేపణ దీనికేల? ఆ ప్రశ్నకు నేటివరకు తృప్తికరమైన సమాధానమును మేము వినలేదు. శ్రీనాథుని వర్ణనలకు విద్యాలయములలో వ్యాఖ్యానములు చెప్పుచున్నాము. క్షేత్రయ్య పదములను సభలలో ఆనందించుచున్నాము. మగవాడు వ్రాసిన శృంగారము రసము, ఆడుది వ్రాసిన శృంగారము దోషమా?

వ్రాసినది వేశ్య, అచ్చువేయించినది వేశ్య, వారికి శీలమేమని కొందరందురు. అట్లనువారు తిరువయ్యారు వెళ్లి చూతురు గాక. కావేరీతీరమున త్యాగరాజస్వామి సమాధి శిథిలమై యుండగా, 1920వ దశకమున తన యార్జనను ధారపోసి అచట మందిరమును నిర్మింపజేసినది ఈ నాగరత్నమ్మయే. ఆరాధనలో స్త్రీలు పాడరాదని పెద్దలు కట్టడిచేయగా, స్త్రీలను కూర్చుకొని వేరుగా ఆరాధన సాగించినదియు నామెయే. నేడు ఆ సన్నిధిని స్త్రీపురుషులు కలసి పంచరత్నములు పాడుచుండగా వినువారు, ఆ హక్కు ఎవరి పట్టుదలవలన లభించెనో యొక్కసారి తలంపవలెను.

ఇక రెండవ గుంపున్నది. పంతులుగారు ఇట్టి తీర్పు చెప్పిరి గావున ఆయన సంస్కరణమంతయు బూటకమే యని వీరి వాదము. దీనినిగూడ మేము త్రోసిపుచ్చుచున్నాము. 1881 డిసెంబరు 11వ తేదీన, వెలికి వెరవక, రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిన ధైర్యమును ఎవ్వరు తుడిచివేయగలరు? ఒక తీర్పు అప్పీలులో కొట్టుపడినంతమాత్రమున న్యాయమూర్తి జీవితమంతయు కొట్టుపడదు. పెద్దలను పూజించుటకంటె, వారి పొరపాటును పొరపాటని చెప్పుచు వారి మేలును మేలని యొప్పుకొనుట నిజమైన గౌరవము.

చట్టమునుగూర్చి యొక మాట. 1868లో ఇంగ్లండున పుట్టిన హిక్లిన్ సూత్రము, చెడుకు లొంగు మనస్సుపై వ్రాత చూపు ప్రభావమును గీటురాయిగా జేసెను. విడిపంక్తులను పట్టుకొని గ్రంథమంతటికి శిక్షవేయు నలవాటు దానివలన బలపడెను. 1964లో మన సుప్రీంకోర్టు ఆ సూత్రమును కొంత సవరించి యనుసరించినను, 2014లో దానిని విడిచి, సమకాలిక సమాజదృష్టితో కృతిని సమగ్రముగా చూడవలెనని నిర్ణయించినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 292వ సెక్షనులో గాని, 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షనులో గాని, రచయిత స్త్రీయా పురుషుడా యను విచారణ లేదు. ఆ విచారణ మన మనస్సులలో మాత్రమే యున్నది.

ఏమి వ్రాసినను, ఏమి చూపినను చెల్లునని మేమనుట లేదు. పసిబిడ్డలకు హాని చేయునది, బలవంతముగా నొక వ్యక్తి మానమును అంగడిపాలు చేయునది కఠినశిక్షకు తగును. తక్కిన వివాదములలో మాత్రము, కేకవేయుటకు ముందు మనలను మనము రెండు ప్రశ్నలడుగుకొనవలెను. మొత్తము చదివితిమా, చూచితిమా? ఇదే పని పురుషుడు చేసియున్నచో ఇంత కోపము వచ్చెడిదా? ఈ రెంటికి నిజాయితీగా బదులు చెప్పుకొన్నచో సగము వివాదములు వీధికెక్కకయే యణగిపోవును.

రాధికాసాంత్వనముపై నిషేధము 1947లో తొలగెను. అందులకు పూనుకొన్నవారు టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఒక్కనాటి యుత్తరువును తుడుచుటకు ముప్పదియారేండ్లు పట్టినది. ఇట్టి యాలస్యము మరియొక కవయిత్రికి కలుగకుండుగాక. మన పఠనమందిరములవారు వీరేశలింగం పంతులుగారి గ్రంథములను, ముద్దుపళని కావ్యమును ఒకే బీరువాలో, ఒకే వరుసలో నుంచవలెనని మా మనవి. రెంటిని చదివిన పిమ్మట తీర్పు చెప్పు నధికారము పాఠకులది.