ఓడిన ఆటను ఒక్కసారి తిరిగి చూడు

ఈ నెల మన యువజన శీర్షికకు నల్లకుంట నుండి ఒక యౌవనస్థుడు ఉత్తరం వ్రాశాడు. ఊరు విడిచి వచ్చి, శంకరమఠం దగ్గర ఒక గదిలో తమ్మునితో కలిసి ఉంటూ, అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ తీసుకుంటున్నాడు. పగలంతా చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో చదువు. రాత్రి గదికి చేరిన తరువాత ఫోనులో చదరంగం. ఇంటర్నెట్‌లో ఎక్కడివాడో ఒకడు ఎదురు కూర్చుంటాడు, మూడు నిమిషాల్లో ఆట ముగుస్తుంది, వెంటనే మరొకడు. ఎనిమిది నెలలుగా ఆడుతున్నా తన రేటింగు 1200 దగ్గర లేస్తూ పడుతూ అక్కడే ఉందని అతని బాధ.

బాధ అంతటితో ఆగలేదు. ఆ యాప్‌ను మూడుసార్లు తీసివేసి, మూడుసార్లు తిరిగి పెట్టుకున్నాడట. ఒక రాత్రి రెండున్నర దాకా వరుసగా ఓడిపోయి, లైటు ఆర్పమని అడిగిన తమ్ముణ్ణి కసురుకున్నాడట. తెల్లవారి అమ్మ ఊరినుండి ఫోను చేసి ప్రార్థన చేసుకున్నావా నాయనా అని అడిగితే జవాబు చెప్పలేక పెట్టేశాడట. తన ఆటలు ఇరవై పంపి రెండు ప్రశ్నలు అడిగాడు: నా ఆటలో లోపమెక్కడ? అసలు ఈ ఆట నాకు పాపమా, మానివేయాలా?

తమ్ముడూ, నీ ఇరవై ఆటలూ బోర్డు మీద పావులు పేర్చుకొని ఒక్కొక్కటే చూశాను. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే రెండవదానికి దారి అదే కనిపిస్తుంది. కనుక ముందు ఆట సంగతి చూద్దాం.

మొదట నీలోని మంచి చెప్పాలి. నీకు ధైర్యముంది. ఎదుటి రాజు ఎక్కడ ఉంటే నీ కన్ను అటే ఉంటుంది. ఒకే గుర్రంతో రాజును, ఏనుగును ఒకేసారి పట్టే ఎత్తు నీకు బాగా కనిపిస్తుంది. డ్రాకు సరిపెట్టుకోవు. ఇది చెడ్డ గుణం కాదు. మన వరంగల్లు యువకుడు అర్జున్ ఇరిగైసి నల్లపావులతో ఆడినా గెలుపు కోసమే ఆడతాడని పేరు. 2024 డిసెంబరు నాటి ప్రపంచ జాబితాలో అతని రేటింగు 2800 దాటింది. విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ మెట్టు ఎక్కిన భారతీయుడు అతడే. కాబట్టి దాడి చేయవద్దని నేను అనను. అయితే అతని దాడి వెనుక సైన్యమంతా నిలిచి ఉంటుంది. నీ దాడి వెనుక ఎవరూ లేరు. ఇక లోపాలు వరుసగా చెప్తాను.

1. మంత్రిని ఒంటరిగా పంపడం

తెల్లపావులతో ఆడిన ప్రతి ఆటలోను రెండవ ఎత్తులోనే నీ మంత్రి బయటికి వస్తాడు. మూడవ ఎత్తున బిషప్పును తోడు తెస్తావు. (ఈయన మన డయాసిస్ బిషప్పుగారు కారు, ఐమూలగా నడిచే పావు!) నాలుగవ ఎత్తులో ఆట కట్టాలని నీ ఆశ. కొత్తవాడు పడిపోతాడు. తెలిసినవాడు ఒక బంటును ఒక గడి జరిపి నీ మంత్రిని తరుముతాడు. ఆ తరువాత గుర్రాన్ని తెస్తాడు. నీ మంత్రి తలదాచుకోవడానికి తిరుగుతూ ఉంటే, వాని సైన్యం ఒక్కొక్కటే బయటికి వచ్చి నిలుస్తుంది. పది ఎత్తులయ్యేసరికి నీ గుర్రాలు, ఏనుగులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. రాజు నడిబోర్డు మీద నిలబడి ఉన్నాడు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన రాజును తలంచుకో. ఇరవై వేలమందితో వచ్చే శత్రువును పది వేలతో ఎదుర్కోగలనా అని ఆ రాజు ముందుగా కూర్చుండి ఆలోచిస్తాడు. నీవు కూర్చుండవు, ఒక్క మంత్రితో బయలుదేరుతావు. మొదటి పది ఎత్తుల్లో రెండు గుర్రాలు, రెండు బిషప్పులు బయటికి రావాలి, రాజు క్యాజిలింగ్ చేసుకొని కోటలో ఉండాలి. ఆ తరువాతే యుద్ధం.

2. ఎదుటివాని ఎత్తును చదవకపోవడం

నీవు ఓడిన ఆటల్లో సగానికి పైగా ఒకే రీతిగా పోయాయి. ఎదుటివాడు ఒక పావును జరుపుతాడు. అది నీ గుర్రం మీదనో ఏనుగు మీదనో కన్నేసి ఉంటుంది. నీవు నీ ఆలోచనలోనే ఉండి, రెండు సెకన్లలో నీ ఎత్తు వేస్తావు. గుర్రం పోతుంది. ఇది తెలివి తక్కువై జరిగింది కాదు. ఇతడు ఈ ఎత్తు ఎందుకు వేశాడు అన్న ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల జరిగింది. మూడు నిమిషాల ఆటలో ఆ ప్రశ్నకు చోటు లేదు. అందుకే నీ చేతికి వేగం వచ్చింది గాని కంటికి చూపు రాలేదు.

3. ఆట చివరి భాగం తెలియకపోవడం

ఒక ఆటలో నీకు ఒక బంటు ఎక్కువగా ఉంది. మంత్రులు, ఏనుగులు అన్నీ పోయాయి. అటువంటప్పుడు రాజు దాక్కోనక్కరలేదు, సైనికునివలె బోర్డు మధ్యకు నడిచి రావాలి. నీ రాజు మూలనే ఉండిపోయాడు. వాని రాజు నడిచి వచ్చి నీ బంట్లను ఒక్కొక్కటే తిన్నాడు. గెలిచే ఆట ఓడిపోయావు. 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేతగా ఉన్న క్యూబా దేశస్థుడు కాపాబ్లాంకా, చదరంగం నేర్చుకునేవాడు అన్నిటికంటె ముందు ఆట చివరి భాగాన్నే నేర్చుకోవాలని బోధించాడు. పావులు తక్కువగా ఉన్నప్పుడే ఒక్కొక్క పావు బలం తెలుస్తుంది.

4. ఓడిన వెంటనే మరొక ఆట

పై మూడూ నేర్చుకుంటే పోయే లోపాలు. నాలుగవది వాటిని పోనివ్వని లోపం. నీవు పంపిన ఆటల క్రింద తేదీ, సమయం ఉన్నాయి. గెలిచిన తరువాత కాసేపు ఆగావు. ఓడిన తరువాత ఒక్క నిమిషం కూడా ఆగలేదు. పోయిన పాయింట్లు అప్పుడే రాబట్టుకోవాలన్న పట్టుదలతో కూర్చున్నావు. కోపంతో ఆడిన ఆట ముందుదానికంటె వేగంగా పోయింది. మంత్రి ముందుకు, గుర్రం గాలికి, రాజు నడిబోర్డులో - అవే తప్పులు. ఎనిమిది నెలలుగా వందల ఆటలు ఆడాననుకుంటున్నావు. నిజానికి ఒకే ఆటను వందలసార్లు ఆడావు.

యాకోబు భక్తుడు తన పత్రిక మొదటి అధ్యాయంలో అద్దంలో ముఖం చూచుకొని, అవతలికి వెళ్ళగానే తానెట్టివాడో మరచిపోయే మనుష్యుని గురించి వ్రాశాడు. ఓడిన ఆట నీకు దేవుడిచ్చిన అద్దం. నీవైతే అందులోకి చూడనే చూడక క్రొత్త ఆట బొత్తాము నొక్కుతున్నావు.

మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపిని చూడు. 2024 డిసెంబరులో న్యూయార్కులో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలు జరిగాయి. మొత్తం 11 ఆటలు. హంపి మొదటి ఆటలోనే ఓడిపోయింది. అక్కడ కుంగిపోతే అడిగేవారు లేరు. అయినా ఒక్కొక్క ఆటను ఒక్కొక్కటిగా ఆడుతూ వచ్చి, చివరి ఆటలో నల్లపావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ను ఓడించి, 8.5 పాయింట్లతో ప్రపంచ విజేత అయింది. ఇంకొక సంగతి. 2016 తరువాత ఆమె మాతృత్వం కోసం సుమారు రెండేళ్ళు పోటీలకు దూరంగా ఉంది. తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ఇదే బిరుదును మొదటిసారి గెలుచుకుంది. కొంతకాలం ఆగితే ఉన్న విద్య పోదని దీనివల్ల తెలుసుకో.

ఆమె గెలిచిన ఆ ర్యాపిడ్ పోటీలలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకు మరి 10 సెకన్లు ఇస్తారు. గ్రాండ్‌మాస్టర్లకే ఆ సమయం కావలసి వచ్చినప్పుడు, నేర్చుకునే నీకు మూడు నిమిషాలు ఎట్లా చాలతాయి?

ఇక నీవు చేయవలసినది వ్రాస్తున్నాను. ఒక నెలపాటు చేసి చూడు.

రోజుకు ఒక్క ఆట మాత్రమే ఆడు. 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల ఆటనే ఎంచుకో. రాత్రి భోజనానికి ముందే ముగించు.

ఆట ముగిసిన తరువాత ఫోను ప్రక్కన పెట్టి, ఒక నోటుబుక్కులో మూడు సంగతులు వ్రాయి. ఆట ఎక్కడ తిరిగింది? అప్పుడు నేనేమి తలంచాను? ఎదుటివాడు ఏమి తలంచాడు? 1948 నుండి 1963 మధ్య మూడు విడతలు ప్రపంచ విజేతగా ఉన్న రష్యా దేశపు బోత్విన్నిక్ తన ఆటలను తానే కఠినంగా విమర్శించుకునేవాడు. కార్పోవ్, కాస్పరోవ్ వంటి శిష్యులకూ అదే నేర్పాడు.

నీవు వ్రాసిన తరువాతనే స్టాక్‌ఫిష్ వంటి కంప్యూటరు ప్రోగ్రాముతో సరిచూసుకో. ముందుగా దానినే అడిగితే జవాబు దొరుకుతుంది గాని జ్ఞానం రాదు. ఆట నడుస్తున్నప్పుడు దాని సాయం తీసుకోవడం మోసమని నీకు వేరే చెప్పనక్కరలేదు.

వారానికి రెండు రోజులు ఆట బదులు చివరి భాగం సాధన చెయ్యి. రాజు, ఏనుగు ఉండి ఒంటరి రాజును కట్టడం, రాజు, ఒక బంటుతో గెలవడం - ఈ రెండూ ముందు నేర్చుకో. రాజులిద్దరు ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలిచినప్పుడు, ఎత్తు ఎవరిదైతే వారే దారి ఇవ్వవలసి వస్తుంది. ఈ ఒక్క సూత్రం తెలిసి ఉంటే ఆ బంటు ఆట నీదే అయ్యేది.

ఆదివారం ఆరాధన తరువాత ఎవరితోనైనా ఎదురుగా కూర్చుండి బోర్డు మీద ఆడు. ఓడినప్పుడు ఎదుటివాని ముఖం చూచి చేయి కలపడం ఫోను నేర్పలేని పాఠం.

రేటింగు గురించి ఒక మాట. ఈ లెక్కను రూపొందించినవాడు ఆర్పాడ్ ఈలో అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు. ప్రపంచ చదరంగ సమాఖ్య దీనిని 1970లో స్వీకరించింది. ఇద్దరు ఆటగాళ్ళలో ఎవరు గెలిచే అవకాశం ఎంత ఉందో అంచనా వేయడానికే అది పనికి వస్తుంది. నీ విలువను కొలవడానికి కాదు. నీ విలువ సిలువ దగ్గర ఎప్పుడో నిర్ణయమైంది. 1200 అయినా 2800 అయినా అందులో మార్పు లేదు.

ఇప్పుడు నీ రెండవ ప్రశ్న. చదరంగం పాపం కాదు. ఆలోచన, ఓర్పు నేర్పే మంచి ఆట. కాని నిద్రను, ప్రార్థనను, తమ్మునితో సమాధానాన్ని తీసుకొనిపోయే ఏ ఆట అయినా నీకు యజమాని అయినట్లే. పైన చెప్పిన రోజుకు ఒక్క ఆట నియమాన్ని నెలరోజులు నిలుపుకోగలిగితే, ఆట నీ చేతిలో ఉన్నట్టు. నిలుపుకోలేకపోతే, పరీక్షలు అయ్యేవరకు దానిని ప్రక్కన పెట్టు. సిగ్గుపడనక్కరలేదు. హంపి రెండేళ్ళు ఆగి వచ్చిన సంగతి జ్ఞాపకముంచుకో.

నీ ఉత్తరం చివర ఒక వాక్యం నన్ను ఆపింది. రోజూ ఒక మోడల్ పేపరు వ్రాస్తున్నా మార్కులు పెరగడం లేదని వ్రాశావు. తప్పయిన ప్రశ్నలను తిరిగి చూస్తున్నావా తమ్ముడూ? లేక మరునాడు మరొక పేపరు తీస్తున్నావా? బోర్డు మీద ఉన్న అలవాటే బల్ల మీద కూడా ఉంటే, ఈ నోటుబుక్కు నీకు రెండుచోట్ల పనికివస్తుంది.

కాబట్టి ఈ రాత్రి ఆటకు ముందు రెండు పనులు చెయ్యి. తమ్ముణ్ణి పిలిచి ఆ రాత్రి కసురుకున్నందుకు క్షమాపణ అడుగు. అమ్మకు ఫోను చేసి, ఆమెతో కలిసి ప్రార్థన చేసుకో. నెల గడిచిన తరువాత నీ నోటుబుక్కులోనుండి ఒక్క ఆట నాకు పంపు. గెలిచినది వద్దు, ఓడినదే పంపు. ప్రభువు నీ చదువును, నీ ఆటను, నీ గదిని సమాధానంతో నింపును గాక.