ఒంటికి పట్టని అన్నం

మా పక్కింటి మామ్మగారి కూతురు కువైట్ వెళ్తూ తన కుక్కని తల్లి దగ్గర వదిలి వెళ్లింది. పేరు పండు, వయసు రెండేళ్లు. మా సఖినేటిపల్లిలో బొచ్చున్న తెల్ల కుక్క ఏదైనా పమేరియనే. నిజానికి ఇది ఇండియన్ స్పిట్జ్, ‘ప్రేమాలయం’ సినిమాలో టఫీగా కనిపించిన జాతి. రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఆ అమ్మాయి దీన్ని చూసుకుంటుంది. దూదిలాంటి బొచ్చు కనబడుతుంది, తోక ఊపడం కనబడుతుంది. బాగానే ఉందనుకుని పడుకుంటుంది.

మామ్మగారికి మాత్రం బెంగ. అంతర్వేది తీర్థం వెళ్లిన వారం మా అరుగు మీద కూర్చుని, “ఎంత పెట్టినా ఒంటికి పట్టట్లేదే అమ్మాయ్, దిష్టేమో” అంది. నేను పండుని దగ్గరకు తీసి పక్కల మీద చెయ్యి వేశాను. బొచ్చు కింద కండన్నది లేదు. పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్లు నడిపి చూడండి, దాని పక్కటెముకలు అలా తగిలాయి. ఒళ్లు సరిగ్గా ఉన్న కుక్కకి అవి చాపిన అరచేతి వెనకవైపు ఎముకల్లా, పల్చటి పొర కింద తెలిసీ తెలియనట్టు ఉండాలి. పశువైద్యులు కుక్క ఒంటి తీరుకి 1 నుంచి 9 దాకా అంకెలు వేస్తారు. 4, 5 ఉంటే సరైన ఒళ్లు. పండు 2 దగ్గరుంది.

గంపలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు కాటా మీద పెట్టాం. గంప బరువు తీసేస్తే 3 కిలోల 800 గ్రాములు. దాని ఎత్తుకి ఐదు కిలోల పైన ఉండాలి.

మా చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసేవాళ్లు వారానికోసారి వలేసి, కిలోకి ఎన్ని తూగుతున్నాయో కౌంట్ చూసి, దాన్నిబట్టి మేత మారుస్తారు. ఆ పద్ధతి గురించి వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే ఉంది. ఇంట్లో కుక్కని మాత్రం మనలో ఎవరమూ తూచం. చిన్న కుక్క విషయంలో ఇది మరీ ప్రమాదం. 200 గ్రాములు తగ్గితే మన కంటికి ఆనదు. నాలుగు కిలోల కుక్కకి అది ఒంట్లో ఇరవయ్యో వంతు. అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గడంతో సమానం.

ఒంటికి పట్టట్లేదని అనిపించగానే మనం చేసేది ఇంకో ముద్ద ఎక్కువ పెట్టడం, లేకపోతే కొట్లో టానిక్ సీసా కొనడం. మామ్మగారూ రెండూ చేసింది. ఆవిడ ప్రేమలో లోటేమీ లేదు. కానీ తిన్నది ఒంటికి పట్టడం లేదంటే, ఆ తిన్నది ఎటు పోతోందో ముందు తెలుసుకోవాలి. పండు పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే దాని మలం చిన్న డబ్బాలో పట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు మైక్రోస్కోపు కింద చూసి కొంకి పురుగు గుడ్లున్నాయన్నారు. ఈ పురుగు పేగుని కరిచి పట్టుకుని రక్తం పీలుస్తుంది. దీని గుడ్లు పొదిగి పిల్లలవడానికి నీడా, వెచ్చదనం, తేమ, ఇసుక నేల కావాలి. మా కొబ్బరితోటల కంటే దానికి అనువైన చోటు ఇంకెక్కడుంటుంది? తల్లి పాలలోంచి కూడా పిల్లకి వస్తుంది, పాదాల చర్మంలోంచీ దూరుతుంది. ఆ ఇసుకలో వట్టి కాళ్లతో ఆడుకునే పిల్లల చర్మంలోకీ దూరి, పాము మెలికల్లాంటి ఎర్రటి దురద చారలు తెస్తుంది. కుక్కకి నట్టల మందు వేయించడం ఇంటి పిల్లల కోసం కూడా అని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

మందు బరువుని బట్టి ఇస్తారు. కాటా లెక్క అక్కడే అక్కరకొచ్చింది. ఒక్క విడతతో పని కాదు. పేగులో ఉన్నవి చచ్చినా కండల్లో దాగినవి తర్వాత దిగివస్తాయి, అందుకని మూడు వారాలకి మళ్లీ వేశారు. గోమార్ల వల్ల వచ్చే జ్వరం కూడా ఇలాగే చిక్కిపోయేలా చేస్తుంది కాబట్టి రక్తపరీక్ష కూడా చేయించమన్నారు. గంపతో సహా పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చేయించుకొచ్చాం. ఆ జ్వరం లేదని తేలాకే మామ్మగారి మొహం తేటపడింది.

ఇక తిండి. అన్నం కుక్కకి అరగదన్నది అపోహ. మనుషుల దగ్గర వేల ఏళ్లు బతికి, పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తిని కుక్క తోడేలు కంటే బాగా సంపాదించుకుంది. చిక్కు అన్నంతో కాదు, దానిలో మనం కలిపేదాంతో. పండు గిన్నెలోకి రోజూ వచ్చేది మిగిలిన చేపల పులుసూ రొయ్యల ఇగురూ. మన ఇగురంటే సగం ఉల్లిపాయే కదా. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క ఎర్రకణాలను పగలగొడతాయి. కిలో బరువుకి 15 గ్రాముల ఉల్లి నుంచే ఆ ప్రమాదం మొదలవుతుంది. నాలుగు కిలోల కుక్కకి అరవై గ్రాములన్నమాట, ఒక ఉల్లిపాయ. పురుగు పీల్చగా మిగిలిన రక్తాన్ని మన పులుసు కూడా తినేస్తోందేమో అనిపించి నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఐదు కిలోల కుక్కకి రోజుకి సుమారు 370 క్యాలరీలు కావాలి. 150 గ్రాముల మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని ఉడికిన కోడిమాంసం ఓ డెబ్బై గ్రాములు పెడితే ఆ లెక్క సరిపోతుంది, కండ పెరగడానికి మాంసకృత్తులూ అందుతాయి. ఉప్పు, కారం, నూనె లేకుండా విడిగా వండాలి. కాల్షియం చాలదు కనుక అదెంత కలపాలో డాక్టరుగారినే అడిగాం. మొదటి రోజే గిన్నె నింపలేదు. బాగా చిక్కిన ఒంటికి ఒక్కసారిగా తిండి ముంచెత్తితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదకి వస్తుంది. కొంచెం కొంచెంగా, రోజుకి నాలుగుసార్లు, పాత తిండి నుంచి కొత్తదానికి వారం రోజులు పట్టేలా మార్చాం. ఎండలు ముదిరాక ఆ బొచ్చుతో మధ్యాహ్నం ముద్ద ముట్టేది కాదు. మామ్మగారు తెల్లవారుజామునే లేచి వండి పెట్టడం మొదలుపెట్టింది. దాని గిన్నె వేరు, దాని వంట వేరు. మిగిలింది పెట్టడానికీ, వండి పెట్టడానికీ ఉన్న తేడా ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది.

ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఓ కుర్రాడికి తొలిసారి టీకా వేయించాడు. ఆ రోజున మన ఊళ్లలో జనం కుక్కల్ని గొలుసు పట్టుకుని తీసుకొస్తారు. ఏడాది మొత్తంలో చాలా కుక్కలు డాక్టరు కంట పడేది అప్పుడే. సూది పక్కనే ఓ కాటా, నట్టల మందు కూడా పెట్టమని పశుసంవర్ధక శాఖని అడుగుతున్నాను. బరువు ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలు, మళ్లీ ఏడాది దాంతో పోల్చుకోవచ్చు. పంచాయతీలు పూనుకుంటే ఇదేమంత ఖర్చు కాదు. ఆసుపత్రి దూరమైన లంకల్లోకి, 1962 నంబరుతో 2022లో మొదలైన సంచార పశువైద్య వాహనాల్ని ఆ వారం పంపవచ్చు. గేదెకే గాని కుక్కకి ఆ ఫోన్ చేయవచ్చా అని సందేహించేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చేయండి.

మొన్న ఆదివారం కాటా 4 కిలోల 900 చూపించింది. చిగుళ్లకి రంగొచ్చింది. క్యాలెండర్లో తర్వాతి నట్టల మందు తేదీ చుట్టూ మామ్మగారు పసుపుతో సున్నా చుట్టింది. రాత్రి ఫోన్లో కూతురు అలవాటుగా, “బాగానే ఉంది కదమ్మా” అంటే, “ఫోన్లో చూసి ఏం తెలుస్తుందే? ఈసారి సెలవులకి వచ్చినప్పుడు చెయ్యేసి చూడు” అంది.

– లంకవాసి