పశువు ఆరోగ్యంగా ఉంటే పేడ కూడా శుభ్రమేనా?



"మా ఎనుముకు ఏ రోగమూ లేదు, మేత బాగా తింటుంది, పూటకు ఇన్ని పాలిస్తుంది. దానివల్ల మా బిడ్డకు భేదులు ఎట్లా వస్తాయి?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. వానలు లేని మన సీమలో పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది కొట్టంలోని పశువే గనుక, దాన్ని ఎవరైనా ఒక మాట అంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. పశువులు వద్దని మేము చెప్పడం లేదు. పశువు ఆరోగ్యాన్ని చూసి దాని పేడ ఎంత శుభ్రమో తేల్చుకోవద్దని మాత్రమే చెబుతున్నాము.

ఆవు, ఎనుము, గొర్రె, మేక పేగులలో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటాయి. అవి లేకపోతే గడ్డి అరగదు. వాటి నడుమ మనిషికి హాని చేసే కొన్ని రకాలు కూడా చేరి, పశువుకు ఏ బాధా లేకుండా బతుకుతుంటాయి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అటువంటివి. అన్నిటికన్నా జాగ్రత్తపడవలసినది ఈ-కోలైలో ఓ157 అనే రకంతోనూ, దాని దాయాదులతోనూ. ఓ157 మనుషులకు జబ్బు చేస్తుందని 1982లో అమెరికాలో మొదట గుర్తించారు. ఇవి షిగా అనే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం అతుక్కోవడానికి కావలసిన పదార్థం పశువు రక్తనాళాలలో లేదు, మనిషి మూత్రపిండాలలో ఉంది. అందుకే అదే క్రిమి ఎనుములో ఊరకే ఉండిపోతుంది, అయిదేళ్ల లోపు బిడ్డకు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. వందకు లోపు క్రిములు కడుపులోకి పోయినా చాలు.

ఇవి ఎన్ని మందలలో ఉంటాయి? విదేశాలలో పదే పదే పరీక్షించిన చోట చాలా మందలలో ఎప్పుడో ఒకప్పుడు కనబడ్డాయి. పాలు మాన్పించిన దూడలలోనూ, ఎండాకాలంలోనూ ఎక్కువ. మన దేశంలో ఓ157 కన్నా దాని దాయాదులే పశువులలో ఎక్కువగా దొరికాయి. అయితే ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. మన పిల్లల విరేచనాలకు పెద్ద కారణం ఇప్పటికీ మనుషుల మలం కలిసిన నీరే. పశువులది ఆ తరువాతి స్థానం. కానీ ఆ రెండోదాన్ని మనం అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు.

కెనడాలో వాకర్టన్ అని సుమారు 5 వేల మంది ఉండే చిన్న ఊరు. 2000 మే నెలలో అక్కడ పెద్ద వానలు పడ్డాయి. బావి పక్క పొలంలో వేసిన పశువుల ఎరువులోని క్రిములు ఊరి తాగునీటిలో కలిశాయి. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఆ రైతు తప్పేమీ లేదని, ఎరువు పద్ధతిగానే వేశాడని విచారణలో తేలింది. బావి లోతు తక్కువ, కింద ఉన్నది పగుళ్ల రాయి, నీటిలో క్లోరిన్ సరిపోను కలపలేదు.

ఆ పగుళ్ల రాయి సంగతి మనకు కొత్త కాదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచర్ల, కొలిమిగుండ్ల వైపు నేల కింద ఉన్నది సున్నపురాయి, నాపరాయి. బెలుం గుహలు చూసినవారికి నీళ్లు ఆ రాతిని ఎట్లా తొలుస్తాయో చెప్పనవసరం లేదు. ఇసుక నేలలో నీరు మెల్లగా వడకట్టుకుని దిగుతుంది. సున్నపురాతి పగుళ్లలో అయితే నేరుగా బోరులోకి పోతుంది. అటువంటి చోట బోరింగు పక్కనే దిబ్బ వేసుకుని, "ఇది భూమిలోని నీరు, శుభ్రమే" అనుకోవడం ప్రమాదం. 2021 ఏప్రిల్‌లో ఆదోనిలోనూ, గోరుకల్లులోనూ అతిసారం వచ్చి మనుషులు చనిపోయినప్పుడు అందరి అనుమానమూ తాగునీటి మీదనే పడింది. దానికి పశువులు కారణమని మేము అనడం లేదు. ఊరి ట్యాంకులో బ్లీచింగ్ వేశారా లేదా అని జబ్బులు వచ్చిన తరువాత కాదు, ముందే అడగాలి.

పశువులన్నిటికీ పరీక్షలు చేయించాలని కొందరు చదువుకున్నవారు అంటారు. మా అభిప్రాయంలో అది డబ్బు దండగ. ఈ క్రిమి ఈ వారం పేడలో కనబడి వచ్చే వారం కనబడకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పశువుకు దీని కోసం యాంటీబయాటిక్ పొడిస్తే మందులకు లొంగని క్రిములు పుట్టుకొస్తాయి. ఆ డబ్బుతో సబ్బు కొనడం మేలు. దిబ్బను బోరుకు దూరంగా, పల్లానికి మార్చడానికి కూలి ఇవ్వడం ఇంకా మేలు.

ఇంట్లో మన పెద్దలు నేర్పిన మంచి అలవాటు ఒకటి ఉంది: పాలు పొంగేదాకా కాచడం. పొంగిన పాలలో ఈ క్రిములు బతకవు. కానీ పితికేటప్పుడు బలమని చంటిబిడ్డ నోట్లో పోసే గుమ్మపాలు ఆ కాపుదలను దాటిపోతాయి. అది మానుకోవాలి. పిడకలు చరిచిన చేతితో, కళ్ళాపి చల్లిన చేతితో అన్నం కలపవద్దు. నీళ్లు ముంచుకుని కడిగితే చాలదు, సబ్బు పెట్టాలి. అలికిన నేల మీద పాకే బిడ్డ చేతులు కూడా కడగాలి. దాన్ని ఎవరూ పట్టించుకోరు! కొత్తిమీర, దోస, ఉల్లి వంటి పచ్చిగా తినే వాటి మడిలో పచ్చి పేడ వేయకుండా బాగా మాగిన ఎరువే వేయాలి.

ఇక అసలు భయం ఇది. బిడ్డకు రక్త విరేచనాలు అయితే మందుల షాపుకు పోయి రెండు మాత్రలు అడిగి తెచ్చి వేస్తారు. రక్త విరేచనాలన్నీ ఒకటి కావు. షిగెల్లా వల్ల వచ్చిన వాటికి యాంటీబయాటిక్ అవసరం. ఓ157 వల్ల వచ్చిన వాటికి అదే మందు మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ఏది ఏదో షాపువాడికి తెలియదు, మాకు కూడా బిడ్డను చూసి పరీక్ష చేస్తే గాని తెలియదు. విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ మాత్రలు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. ఓఆర్ఎస్ తాగిస్తూ వెంటనే తీసుకురండి.

విరేచనాలు తగ్గినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. మొదలైన వారానికి అటూ ఇటూగా బిడ్డ మూత్రం తక్కువ పోసినా, ముఖం పాలిపోయినా, ఉబ్బినా, మగతగా పడుకున్నా ఆ రోజే రావాలి. వచ్చినప్పుడు ఇంట్లో పశువులు ఉన్న సంగతి, గుమ్మపాలు తాగించిన సంగతి, అంతకుముందు వేసిన మాత్రల సంగతి దాచకుండా చెప్పండి. మాత్రల అట్ట ఉంటే వెంట తెండి.