ఇనుము దాచుకునే కణం

ఈమధ్య ఉత్తరాల్లోనూ, ఓపీలోనూ ఒకే ప్రశ్న పదేపదే ఎదురవుతోంది. "డాక్టర్ గారూ, క్యాన్సర్ కణాలు ఐరన్ తిని పెరుగుతాయట కదా! అమ్మకి కీమో నడుస్తోంది. గోంగూర, తోటకూర, ఐరన్ మాత్రలు అన్నీ ఆపేశాం. మంచి పనే చేశామా?"

వాట్సాప్‌లో తిరిగే మాటలతో వచ్చే చిక్కేమిటంటే, వాటిలో సగం నిజం ఉంటుంది. మొత్తం అబద్ధమైతే కొట్టిపారేయడం తేలిక. ఇక్కడా అంతే. క్యాన్సర్ కణానికి ఇనుము ఆకలి ఎక్కువన్నది నిజం. అందుకని ఆకుకూర మానెయ్యాలన్నది మాత్రం తప్పు.

మన ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే 3, 4 గ్రాములు. ఓ చిన్న మేకు బరువు! అందులో దాదాపు మూడింట రెండొంతులు రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. కొత్త ఎర్రకణాల తయారీకి రోజుకి 20 మిల్లీగ్రాములకు పైగా ఇనుము కావాలి. తిండి నుంచి ఒంటికి పట్టేదేమో 1, 2 మిల్లీగ్రాములే. మరి మిగతాది ఎక్కడిది? సుమారు 120 రోజులు బతికి ముసలివైపోయిన ఎర్రకణాలను ప్లీహం, కాలేయాల్లోని కణాలు మింగేసి, వాటిలోని ఇనుమును బయటికి తీసి మళ్లీ వాడకానికి పంపుతాయి. పాత బంగారం కరిగించి కొత్త నగ చేయించుకున్నట్టన్నమాట.

ఈ ఇనుమును రక్తంలో మోసుకెళ్లేది ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీన్. కణం తన గోడ మీద ఉన్న గ్రాహకంతో దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. వాడగా మిగిలింది ఫెర్రిటిన్ అనే గాదెలో దాచుకుంటుంది. ఎక్కువైంది ఫెర్రోపోర్టిన్ అనే తలుపు గుండా బయటికి పంపుతుంది. ఆ తలుపులు మూయించే పెత్తనం హెప్సిడిన్‌ది. అది కాలేయం తయారుచేసే హార్మోన్.

కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. ఆ నకలుకి కావలసిన సరుకు తయారుచేసే ఎంజైమ్ ఇనుము లేకపోతే పనిచెయ్యదు. ఆగకుండా చీలుతూ పోయే క్యాన్సర్ కణానికి ఇనుము అంత అవసరం అందుకే. చాలా రకాల క్యాన్సర్ కణాలు ఇనుమును లాక్కునే గ్రాహకాలను పెంచుకుంటాయి. బయటికి పంపే తలుపులు తగ్గించుకుంటాయి. వచ్చింది వచ్చినట్టు లోపలే దాచుకుంటాయి. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఫెర్రోపోర్టిన్ తక్కువగా ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని 2010లో అమెరికా పరిశోధకులు చూపించారు.

ఈ ఆకలిని వైద్యం ఎప్పుడో వాడుకుంది. గాలియం అనే లోహం ఒంట్లో ఇనుములాగే వేషం వేసుకుని ట్రాన్స్‌ఫెర్రిన్ మీద ఎక్కేస్తుంది. రేడియోధార్మిక గాలియం ఎక్కిస్తే లింఫోమా గడ్డలు దాన్ని లాక్కుని స్కాన్‌లో వెలుగుతాయి. పెట్ స్కాన్లు రాకముందు అలాగే చూసేవాళ్లం.

"అయితే ఆకలితో మాడ్చేస్తే సరి కదా?" అంటారా? పోషకాన్ని అడ్డుకుని క్యాన్సర్‌ని దెబ్బకొట్టడం మనకి కొత్తేం కాదు. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్ మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన మందే. ల్యూకేమియా పిల్లలకు సిడ్నీ ఫార్బర్ దాన్ని ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు తగ్గడం 1948లో ప్రపంచానికి చూపించారు. కానీ గమనించండి. అక్కడ పనిచేసింది మందు, పథ్యం కాదు.

ఇనుము విషయంలో పథ్యం అసలే పనిచెయ్యదు. రోజూ 20 మిల్లీగ్రాముల పాత ఇనుము ఒంట్లోనే తిరుగుతుంటే, పళ్లెంలో తోటకూర తీసేసినంత మాత్రాన గడ్డకి వచ్చే లోటేమీ ఉండదు. లోటు వచ్చేది కీమోతో ఇప్పటికే నీరసించిన మనిషికి. హిమోగ్లోబిన్ పడిపోతే ఆయాసం, నిస్సత్తువ. ఒక్కోసారి కీమో వాయిదా వెయ్యాల్సి వస్తుంది, రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

ఇప్పుడు పరిశోధన ఇంకో దారి కూడా పట్టింది. ఇనుము ఎక్కువ దాచుకున్న కణానికి ఓ ప్రమాదం ఉంది. ఆ ఇనుమే కణం పైపొరలోని కొవ్వుని తుప్పు పట్టించినట్టు పాడుచేసి కణాన్ని చంపగలదు. ఈ చావుకి 2012లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఫెర్రోప్టోసిస్ అని పేరు పెట్టారు. దొంగని దాచిన సొత్తుతోనే పట్టించడం లాంటిది. మందుల షాపులో దొరికే దశకి ఇంకా రాలేదు కానీ, ఆశ ఉన్న దారే.

మరి పేషెంట్ల ఇంట్లో ఏం చెయ్యాలి? ఐరన్ మీ అంతట మీరు ఆపొద్దు, మొదలుపెట్టొద్దు. క్యాన్సర్‌లో వాపు వల్ల హెప్సిడిన్ పెరుగుతుంది. ఇనుము ఒంట్లో ఉన్నా గాదెల్లోనే ఇరుక్కుపోతుంది. పేగు నుంచి కూడా సరిగా లోపలికి రాదు. అందుకే కొందరికి మాత్రలు ఎన్ని వేసినా రక్తం పట్టదు, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ అవసరమవుతుంది. ఎవరికి ఏది కావాలో ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెర్రిన్ శాచురేషన్ పరీక్షలు చూసి మీ డాక్టర్ చెబుతారు. అవసరం లేనివాళ్లు బలానికంటూ ఏళ్ల తరబడి ఐరన్ టానిక్కులు తాగడమూ మంచిది కాదు. ఎక్కువైన ఇనుమును తోసెయ్యడానికి ఒంటికి దారి లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకేనేమో, "రక్తం తక్కువ" అంటే మనకి జలుబంత మామూలైపోయింది. కానీ నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో, ఏ వయసు మగవాళ్లలోనైనా ఇనుము తగ్గిందంటే అది ఎటు పోతోందో వెతకాలి. పెద్దపేగులో కుడివైపు వచ్చే క్యాన్సర్ నొప్పి లేకుండా, కంటికి కనపడకుండా రక్తం కారుస్తూ ఉంటుంది. చాలాసార్లు మొదట బయటపడేది రక్తహీనతే. మాత్రలు వేస్తే అంకె పెరుగుతుంది, అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. మీ నాన్నగారికి హిమోగ్లోబిన్ 8 ఉందని రిపోర్టు వస్తే, టానిక్ కొనేముందు "ఎందుకు తగ్గింది?" అని డాక్టర్‌ని అడగండి. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించమంటే వాయిదా వెయ్యకండి. తొలిదశలో దొరికిన పేగు క్యాన్సర్ చాలామందిలో ఆపరేషన్‌తోనే నయమవుతుంది.